క్రెడిట్ కార్డు అప్పు మాఫీ అయ్యాక వచ్చే 1099-సి: అమెరికా టాక్స్ రిటర్న్‌లో ఎలా చూపించాలి

కార్డు కంపెనీతో బేరం కుదుర్చుకుని, పద్నాలుగు వేల డాలర్ల బాకీకి ఐదారు వేలు కట్టి బయటపడ్డవాళ్ళు చాలామంది ఆ కథ అంతటితో ముగిసిందనుకుంటారు. మరుసటి ఏడాది జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో, ఎంత అప్పు మాఫీ చేశారో చెప్పే 1099-సి అనే కాగితం ఇంటికొస్తుంది. "అక్కా, అప్పు తీరిపోయిందని లెటర్ కూడా ఇచ్చారు కదా, మళ్ళీ ఇదేంటి? ఐఆర్ఎస్‌కి కూడా పంపారట" అంటూ టెన్షన్‌తో ఫోన్ చేస్తారు. ఐఆర్ఎస్ అంటే అమెరికా పన్నుల శాఖ. నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో టాక్స్ రిటర్న్‌లు చేస్తాను. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మనవాళ్ళే. లేఆఫ్‌లు పెరిగిన 2022, 2023 తర్వాత ఈ కాగితాన్ని మరీ ఎక్కువగా చూస్తున్నాను.

దీన్ని అందుకున్నవాళ్ళు రెండు రకాలుగా నష్టపోతారు. కొందరు పక్కన పడేస్తారు. ఇంకొందరు భయపడి, అందులో ఉన్న అంకెను ఉన్నదున్నట్టు ఆదాయంలో కలిపేసి, దాని మీద పూర్తిగా టాక్స్ కట్టేస్తారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండో రకం. కార్డు అప్పు సెటిల్ చేసుకునే స్థితికి వచ్చారంటేనే చేతిలో ఏమీ మిగల్లేదని అర్థం. అలాంటివాళ్ళ కోసం చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. కానీ అది దానంతటది రాదు. మీరు లెక్క వేసి, ఒక ఫారం నింపి అడగాలి. ఇక్కడ రాస్తున్నదంతా ఆ లెక్క గురించే.

మాఫీ ఆదాయం ఎలా అయింది

అప్పు తీసుకున్న రోజున ఎవరూ టాక్స్ కట్టరు, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు కాబట్టి. ఇవ్వనక్కర్లేదని అవతలివాళ్ళు తేల్చిన రోజున ఆ మేరకు మీరు లాభపడ్డట్టే అని చట్టం చూస్తుంది. ఈ సూత్రం 1931లో కిర్బీ లంబర్ అనే కలప కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆ కంపెనీ తాను అమ్మిన బాండ్లనే తక్కువ ధరకు తిరిగి కొనుక్కుంది. మిగిలిన 1,37,521 డాలర్ల తేడా ఆదాయమేనని కోర్టు చెప్పింది. మీ కార్డు బాకీకి వర్తించేదీ అదే సూత్రం.

600 డాలర్లు, ఆపైన మాఫీ చేస్తే బ్యాంకు 1099-సి ఇవ్వాలి. అంతకంటే తక్కువైతే కాగితం రాకపోవచ్చు గానీ, ఆ మొత్తం కూడా ఆదాయమే. కాగితం రాలేదు కాబట్టి చూపించనక్కర్లేదు అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. నమ్మకండి. ఇల్లు మారితే కాగితం పాత అడ్రస్‌కే పోతుంది, ఐఆర్ఎస్ దగ్గర మాత్రం దాని కాపీ ఉంటుంది. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్ళి, వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్ట్ తీసి చూస్తే మీ పేరు మీద ఏమేం చేరాయో తెలుస్తుంది. అయితే ఫైలింగ్ సీజన్ మొదట్లో అది పూర్తిగా నిండి ఉండదు. సెటిల్‌మెంట్ లెటర్ మీ దగ్గరుంటే దాన్నిబట్టే లెక్క వేసుకోండి.

కాగితం చేతికి రాగానే

ముందు ఒకటో బాక్స్‌లో తేదీ చూడండి. మాఫీ జరిగిన తేదీ అది. మొత్తం లెక్క ఆ రోజు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, మీ సెటిల్‌మెంట్ లెటర్‌లో ఉన్న తేదీతో పోల్చుకోండి. రెండో బాక్స్‌లో మాఫీ అయిన మొత్తం ఉంటుంది. అందులో వడ్డీ కలిసి ఉంటే మూడో బాక్స్‌లో విడిగా చూపిస్తారు. సొంత ఖర్చులకు వాడిన కార్డు అయితే ఆ వడ్డీకి వేరే మినహాయింపు ఏమీ లేదు, అదీ లెక్కలోకే వస్తుంది. ఐదో బాక్స్‌లో టిక్ ఉంటే ఆ అప్పుకు వ్యక్తిగతంగా బాధ్యులు మీరేనని.

ఆరో బాక్స్‌లో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. 'ఎఫ్' అంటే బేరమాడి ఒప్పందంతో తగ్గించినది. 'జి' అంటే ఇక వసూలు చేయకూడదని బ్యాంకు తనంతట తాను నిర్ణయించుకున్నది. 'ఎ' అంటే దివాలా. ఎప్పుడో ఆపేసిన కార్డు మీద ఇన్నేళ్ళకు 'జి' అని కాగితం వస్తే జాగ్రత్తగా చూడాలి. ఆ అప్పు అంతకుముందే వేరే ఏడాదిలో సెటిల్ అయి ఉండొచ్చు, లేదా కలెక్షన్ ఏజెన్సీ ఇంకా ఫోన్లు చేస్తూనే ఉండొచ్చు. ఒక పక్క 1099-సి పంపి, ఇంకో పక్క వసూలుకు వెంటపడుతుంటే ఆ అప్పు నిజంగా మాఫీ కానట్టే కావచ్చు. అప్పు ఇచ్చినవాళ్ళను రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. స్టేట్‌మెంట్ మీదో క్రెడిట్ రిపోర్ట్‌లోనో 'చార్జ్ ఆఫ్' అని కనపడితే అది మాఫీ కాదు. బ్యాంకు తన పుస్తకాల్లో ఆ బాకీని నష్టం కింద రాసుకుంది, అంతే. అప్పు మీ మీద అలాగే ఉంటుంది.

ఆ రోజు మీ దగ్గర ఏముంది, మీరు ఎంత బాకీ

మాఫీకి సరిగ్గా ముందు మీ అప్పులన్నీ కలిపితే మీ ఆస్తులన్నిటికంటే ఎక్కువగా ఉంటే, ఎంత ఎక్కువో అంత మేరకు మాఫీని ఆదాయంలో చూపించనక్కర్లేదు. దీన్ని ఇన్‌సాల్వెన్సీ అంటారు. ఐఆర్ఎస్ పబ్లికేషన్ 4681లో దీనికి ఒక వర్క్‌షీట్ ఉంది. ప్రింట్ తీసుకుని పెన్నుతో నింపండి. స్క్రీన్ మీద చూస్తూ చేస్తే వరసలు దాటేస్తారు.

ఆస్తులకు కొన్న ధర కాదు, ఆ రోజు అమ్మితే వచ్చే ధర వేయాలి. బ్యాంకులో డబ్బు, కారు, ఇల్లు, షేర్లు, నగలు, ఫర్నిచర్, బట్టలు, లాప్‌టాప్, అపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గరున్న డిపాజిట్ అన్నీ రావాలి. వాడిన సోఫాకి, పాత టీవీకి నిజంగా ఎంతొస్తుందో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చూస్తే తెలుస్తుంది. ఉద్యోగం ద్వారా రిటైర్మెంట్ కోసం దాచుకునే 401కె ఖాతా కూడా ఆస్తే. దాన్ని అప్పులవాళ్ళు ముట్టుకోలేరు కదా అని వదిలేస్తుంటారు. వాళ్ళు ముట్టుకోలేకపోయినా ఈ లెక్కలోకి వస్తుంది.

అప్పుల వైపు మాఫీ అవుతున్న కార్డు బాకీ మొత్తంతో పాటు మిగతా కార్డులు, కారు లోన్, ఇంటి లోన్, స్టూడెంట్ లోన్, హాస్పిటల్ బిల్లులు, కట్టని కరెంటు బిల్లు, వెనకటి ఏళ్ళ టాక్స్ బాకీ, 401కె నుంచి తీసుకున్న లోన్ రాయాలి. ఏ ఒక్కటీ చిన్నదని వదలకండి.

ఒక లెక్క చూపిస్తాను. హెచ్-1బి మీద ఉన్న ఒంటరి కుర్రాడనుకోండి, టాక్స్ పరంగా రెసిడెంట్. 2024 సెప్టెంబరులో 14,600 డాలర్ల కార్డు బాకీని 5,600కి సెటిల్ చేసుకున్నాడు. 9,000 మాఫీ. ఆఖరి డబ్బు కట్టే ముందు బ్యాంకులో 7,100, కారు 8,500, 401కె 11,300, సామాన్లు 2,000, మెడలో గొలుసు, ఉంగరం 2,600, అపార్ట్‌మెంట్ డిపాజిట్ 1,000. మొత్తం 32,500. అప్పుల్లో ఆ కార్డు 14,600, ఇంకో కార్డు 4,200, కారు లోన్ 6,900, హాస్పిటల్ బిల్లు 1,100. మొత్తం 26,800. ఇక్కడితో ఆగితే ఆస్తులే ఎక్కువ, మినహాయింపు లేదు. 9,000 మీద 22 శాతం స్లాబులో 1,980 డాలర్ల టాక్స్.

కానీ అతను ఎంఎస్‌కి వచ్చేటప్పుడు ఊళ్ళో బ్యాంకులో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇంకా 12 లక్షలు ఉంది. అప్పటి మారకం దాదాపు 84 రూపాయలు కాబట్టి 14,300 డాలర్లు. అది కలిపితే అప్పులు 41,100. తేడా 8,600. అంటే 9,000లో 8,600 మినహాయింపు, 400 మాత్రమే ఆదాయం. టాక్స్ 88 డాలర్లు. అమెరికా రిటర్న్‌లో ఇండియా లోన్ ఎందుకు అనుకుని దాన్ని రాయకపోతే 1,892 డాలర్లు ఊరికే పోయేవి.

ఇండియా లెక్క రెండు వైపులా రాయాలి

పైన చెప్పిన కుర్రాడి పేరు మీదే షాద్‌నగర్ దగ్గర 8 లక్షల ప్లాటు ఉందనుకోండి. దాదాపు 9,500 డాలర్లు. అప్పుడు ఆస్తులు 42,000 అయి అప్పుల్ని దాటిపోతాయి. మినహాయింపు మొత్తం పోతుంది. ఎడ్యుకేషన్ లోన్ రాసి ప్లాటు దాచడం కుదరదు. ఈ వర్క్‌షీట్‌కి దేశాల హద్దులు లేవు. ప్లాటుకు మార్కెట్ విలువే వేయాలి. రిజిస్ట్రేషన్ కోసం చూపించిన ధర పనికిరాదు. ఎల్‌ఐసీ పాలసీకి ఆ రోజున ఉన్న సరెండర్ విలువ, పీఎఫ్‌లో ఉన్న డబ్బు, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల్లో నిల్వ, అమ్మ దగ్గర లాకర్‌లో పెట్టిన మీ బంగారం, అన్నీ ఆస్తులే.

అమ్మానాన్నల పేరు మీదున్న ఇల్లు మీది కాదు. ఎప్పటికైనా మీకే వస్తుందని రాయక్కర్లేదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మీకు వాటా ఉంటే మాత్రం అది వేరే విషయం. పంపకాలు జరగకపోయినా ఆ వాటా ఉందో లేదో, ఉంటే ఎంతో ఇండియాలో లాయర్‌ని అడిగి తెలుసుకోండి. ఆడపిల్లలకూ ఇది వర్తిస్తుంది.

అప్పుల వైపు బావగారి దగ్గర తీసుకున్న చేబదులు రాయొచ్చా అని అడుగుతుంటారు. నిజంగా అప్పయితే రాయొచ్చు. ప్రామిసరీ నోటు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్, మధ్యలో కొంత తిరిగి కట్టినట్టు ఆధారం ఉండాలి. చదువుకి నాన్న పెట్టిన డబ్బును, ఆయనెప్పుడూ తిరిగి అడగనిదాన్ని, ఇప్పుడు అప్పుగా రాయడం తప్పు. ఎవరి లోన్‌కో హామీ సంతకం పెట్టి ఉంటే, అసలువాళ్ళు సరిగ్గా కడుతున్నంత కాలం అది మీ అప్పు కింద రాదు.

ఇండియా ఖాతాల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఏడాదిలో ఏ రోజైనా అవన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే, విదేశీ ఖాతాలను చూపించే ఎఫ్‌బార్ అనే ఫారం ఫైల్ చేయాలి. వర్క్‌షీట్‌లో చూపించిన ఖాతా ఎఫ్‌బార్‌లో లేకపోతే, ఒక సమస్య తీర్చుకోబోయి ఇంకోదాన్ని తెచ్చుకున్నట్టు అవుతుంది.

పెళ్ళయినవాళ్ళకు టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా వంటి తొమ్మిది రాష్ట్రాల్లో కమ్యూనిటీ ప్రాపర్టీ చట్టం ఉంది. జాయింట్ రిటర్న్ వేసినా ఇన్‌సాల్వెన్సీని అప్పు ఎవరిదో వాళ్ళకు విడిగా చూడాలి. కాపురంలో సంపాదించినది ఇద్దరిదీ అవుతుంది. టెక్సస్‌లో పెళ్ళికి ముందున్న ఆస్తి, పుట్టింటివాళ్ళు అమ్మాయికి పెట్టిన బంగారం లాంటి బహుమతి ఆమె సొంతం. ఇక్కడ లెక్క సున్నితంగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో డబ్బు ఖర్చయినా తెలిసినవాళ్ళ చేత చేయించుకోమంటాను.

ఫారంలు నింపడం

వర్క్‌షీట్ తేలిందంటే మిగతాది త్వరగా అవుతుంది. ఈ మినహాయింపు అడిగే ఫారం 982లో 1బి గడిలో టిక్ పెట్టండి. రెండో లైన్‌లో మాఫీ మొత్తం, ఇన్‌సాల్వెన్సీ తేడా, ఈ రెండిట్లో చిన్నది రాయండి. మన ఉదాహరణలో 8,600. మిగిలిన 400ను 1040 ఫారంతో వెళ్ళే షెడ్యూల్ 1లో 8సి లైన్‌లో రాయాలి. మాఫీ అంతా మినహాయింపులోకి వస్తే 8సిలో ఏమీ ఉండదు, 982 మాత్రం తప్పకుండా వెళ్ళాలి. అది లేకపోతే ఐఆర్ఎస్ కంప్యూటర్‌కి కనిపించేది బ్యాంకు చెప్పిన 9,000, మీరు చెప్పిన 400 మాత్రమే. కొన్నాళ్ళకు, ఈ తేడాకి ఇంత టాక్స్ కట్టాలంటూ సీపీ2000 అనే నోటీసు వస్తుంది. వచ్చినా కంగారు పడకండి. అది ప్రతిపాదన మాత్రమే. అందులో చెప్పిన గడువులోగా ఒప్పుకోవట్లేదని రాసి, 982, వర్క్‌షీట్ జత చేసి పంపాలి.

982 రెండో భాగాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఈ రోజు ఇచ్చిన మినహాయింపును ప్రభుత్వం ముందు ముందు కొంత తిరిగి రాబట్టుకునే చోటు అది. గతంలో షేర్లలో పోయిన నష్టాన్ని వచ్చే ఏళ్ళకు మోసుకెళ్తున్నవాళ్ళు ఆ నష్టాన్ని మినహాయింపు మేరకు తగ్గించుకోవాలి. అది తొమ్మిదో లైన్. అలాంటివేమీ లేకపోతే 10ఎ లైన్‌లో మీ వస్తువుల కొన్న ధరను తగ్గించాలి. దానికో హద్దు ఉంది. మాఫీ తర్వాత మీ దగ్గరున్న డబ్బు, వస్తువుల కొన్న ధరలు కలిపిన మొత్తం, అప్పటికి మిగిలిన అప్పుల కంటే ఎక్కువగా ఉంటేనే, ఆ ఎక్కువ మేరకే తగ్గింపు. మన కుర్రాడికి మాఫీ తర్వాత అప్పులు 26,500. మిగిలిన డబ్బు 1,500, కారు కొన్నది 16,000కి, మిగతా సామాన్లు, బంగారం, డిపాజిట్ కలిపి 7,000. మొత్తం 24,500. టాక్స్ కట్టకుండా దాచిన 401కెకి ఈ లెక్కలో కొన్న ధర లేదు. అప్పులే ఎక్కువ కాబట్టి 10ఎలో సున్నా.

సాఫ్ట్‌వేర్‌తో చేసుకునేవాళ్ళు గమనించండి. 1099-సి అంకెలు ఎక్కించగానే చాలావరకు సాఫ్ట్‌వేర్లు మొత్తాన్నీ ఆదాయంలో కలిపేస్తాయి. 982ను మీరే వెతికి తెరవాలి. వర్క్‌షీట్‌ను రిటర్న్‌తో పంపనక్కర్లేదు. ఆ తేదీ నాటి బ్యాంకు స్టేట్‌మెంట్లు, కారు విలువ చూపించే పేజీ, ఇండియా లోన్ స్టేట్‌మెంట్, ఆ రోజు మారకం రేటు కలిపి ఒక ఫైల్లో పెట్టుకోండి.

ఒకే ఏడాదిలో రెండు మూడు కార్డులు వేర్వేరు నెలల్లో సెటిల్ అయితే ప్రతి తేదీకి విడిగా లెక్క వేయాలి. మొదటి మాఫీతో మీ అప్పు తగ్గుతుంది కాబట్టి రెండోసారి తేడా చిన్నదవుతుంది. కోర్టులో దివాలా తీసినప్పుడు పోయిన అప్పయితే ఈ ఆస్తి అప్పుల లెక్కే అక్కర్లేదు, 982లో 1బి బదులు 1ఎ గడి టిక్ చేయాలి. వ్యాపారానికి వాడిన కార్డు అప్పుకు 8సి కాదు, వ్యాపార లెక్కలు రాసే షెడ్యూల్ సిలో చూపించాలి. ఎఫ్-1 మీద వచ్చి ఇంకా 1040-ఎన్ఆర్ అనే నాన్‌రెసిడెంట్ రిటర్న్ వేస్తున్న పిల్లలు, కార్డు అప్పు వదిలేసి ఇండియా వెళ్ళిపోయినవాళ్ళు నేను పైన చెప్పిన దారిని నేరుగా వాడుకోకండి. మీకు నియమాలు వేరుగా ఉంటాయి, నాన్‌రెసిడెంట్ రిటర్న్‌లు చేసేవాళ్ళను అడగండి.

కాగితంలో తప్పుంటే, ఇద్దరి పేర్లుంటే

మొత్తమో తేదీయో తప్పుగా ఉంటే సరిచేసిన 1099-సి ఇమ్మని బ్యాంకుకు రాయండి. ఫోన్ చేసినా సరే, తర్వాత ఉత్తరం కూడా పంపండి. వాళ్ళు కదలకపోతే, సరైన మొత్తం చూపిస్తూ, ఎందుకు తేడా ఉందో వివరించే కాగితం రిటర్న్‌తో జత చేయాలి. మీరు వాడని, మీ పేరున ఇంకెవరో తీసిన కార్డయితే అసలు అప్పే మీది కాదు. ఆ ఆధారాలు ముందు బ్యాంకు ముందు పెట్టండి.

జాయింట్ కార్డు అయితే భార్యాభర్తలిద్దరికీ చెరో 1099-సి, రెండిట్లోనూ పూర్తి మొత్తంతో రావొచ్చు. రెండూ కలిపి రెట్టింపు రాయకండి. అప్పు ఒకటే. విడాకులు తీసుకున్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం, ఎవరి వాటా ఎంతో చూసుకుని పంచుకోవాలి. కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా పేరున్నంత మాత్రాన ఆ అప్పుకు బాధ్యులు కారు.

సెటిల్‌మెంట్ కంపెనీకి ఇచ్చిన ఫీజును మాఫీ మొత్తంలోంచి తీసేయొచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ఆ కంపెనీతో సంతకం పెట్టే ముందే ఫీజు, రాబోయే టాక్స్ రెండూ కలిపి చూసుకోండి.

లెక్క తర్వాత కూడా టాక్స్ మిగిలితే

ఉద్యోగం పోయి ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. మాఫీలో టాక్స్ పడే భాగం మీ ఆదాయాన్ని పెంచుతుంది, దాంతో ప్రీమియం సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాల్సి రావొచ్చు. 982తో మినహాయించిన భాగం ఈ ఆదాయంలోకి రాదు.

చేతిలో డబ్బు లేదని రిటర్న్ వేయడం ఆపకండి. ఏప్రిల్ 15లోగా వేయకపోతే కట్టాల్సిన టాక్స్ మీద నెలకు 5 శాతం జరిమానా, 25 శాతం దాకా పెరుగుతుంది. వేసి కట్టలేకపోతే నెలకు అర శాతమే, వడ్డీ అదనం. 50,000 డాలర్లలోపు బాకీకి ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోనే నెలవారీ వాయిదాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆరు నెలల్లోపు కట్టేయగలిగితే షార్ట్ టర్మ్ ప్లాన్‌కి సెటప్ ఫీజు కూడా ఉండదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, జార్జియాల్లో ఉండేవాళ్ళు రాష్ట్ర రిటర్న్ నియమాలు విడిగా చూసుకోవాలి.

ఇప్పటికే పూర్తి మొత్తం మీద టాక్స్ కట్టేసినవాళ్ళు ఇది చదువుతుంటే, పాత కాగితాలు బయటికి తీయండి. మాఫీ రోజున మీ అప్పులే ఎక్కువని తేలితే 982 జత చేసి, 1040-ఎక్స్ అనే సవరించిన రిటర్న్ వేయొచ్చు. రిటర్న్ వేసిన మూడేళ్ళలోపు, లేదా టాక్స్ కట్టిన రెండేళ్ళలోపు, ఈ రెండిట్లో ఏది తర్వాత వస్తే అప్పటి దాకా ఆ డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంటుంది.